కెమెరా కింద ఒడి బియ్యం

పరశురాములు పొద్దున సుదర్శన్‌రావు ఇంటికి వచ్చి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. ముందు పెట్టిన చాయ చల్లారి మీగడ కట్టింది. ఇంటావిడ సరళాదేవి మళ్ళీ వేడి చేసి తెచ్చి పెట్టింది. అదీ మీగడ కట్టింది. ఈ ఇంటి చాయ కడుపులో పడితే అడగవలసిన మాట అడగలేనేమోనని అతని భయం.

“మా బాపు ఇంట్ల బువ్వ ముట్టక నాలుగు దినాలాయె,” అన్నాడు చివరికి. “బస్టాండు అరుగు మీదనే కూసుంటుండు. పిలిస్తే పలుకుతలేడు. అవ్వను అడిగితే ఏడుస్తది గని చెప్పదు. జర మీరన్న చెప్పుండ్రి సారూ. మా అవ్వకు, మీ ఇంటికి ఏం సుట్టరికం?”

సుదర్శన్‌రావు పేపరు మడిచాడు. మళ్ళీ విప్పాడు. కరీంనగర్‌లో పదిమందికి సలహాలు చెప్పే పెద్దమనిషి, ఇవాళ నోట్లో బెల్లంగడ్డ పెట్టుకుని కూర్చున్నాడు.

పరశురాములు ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. ఆ వీడియోను ఈపాటికి చూడనివాళ్ళు లేరు, అయినా అందరూ మళ్ళీ వంగి చూశారు. ఒర్రెగడ్డ ఊరి మలుపు. సుదర్శన్‌రావు కారు వచ్చి ఆగుతుంది. పరశురాములు తల్లి బాలవ్వ దిగుతుంది. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఒక చేత్తో కారు తలుపు పట్టుకుంది. రెండో చేత్తో ఒడి పట్టుకుంది. ఒడి నిండుగా ఉంది. కొంగు అంచు నుంచి నాలుగు పసుపు గింజలు రాలాయి. అంతే, అరనిమిషం కూడా లేదు.

అందులో మాట లేదు, చప్పుడు లేదు. ఒర్రెగడ్డవాళ్ళకు ఆ అవసరమూ లేదు. మూడో ఏటనో అయిదో ఏటనో ఆడబిడ్డకు పుట్టింటివాళ్ళు పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసి పంపుతారని, ఆ ఒడిని దారిలో విప్పకుండా అత్తింటి గడప దాకా మోయాలని అక్కడ పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. బాలవ్వకు పుట్టింటి తరఫున మిగిలింది శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పనిచేసిన తమ్ముడొక్కడే. అతనూ పోయిన ఏడు కన్నుమూశాడు. ఇన్నాళ్ళూ తమ్ముడు పోశాడంటే చెల్లింది. ఇప్పుడు పోసిందెవరు? ఊరి పాత దొర కారులోంచి ఎందుకు దిగింది?

ఇంతకీ ఆ మలుపులో కెమెరా పెట్టించింది సుదర్శన్‌రావే. కొడుకు అమిత్ చెబితే, పుట్టిన ఊరికి ఏదో ఒకటి చేసినట్టుంటుందని ఒప్పుకున్నాడు. స్తంభానికి ఆయన పేరుతో రేకు కూడా కొట్టారు. మన వేలితో మన కన్నే పొడుచుకోవడమంటే ఇదే. దొంగలెత్తుకుపోయిన బావి మోటారును వెతకబోయి స్క్రీన్ ముందు కూర్చున్నవాడెవడో, మోటారు దొరక్క ఇది దొరికితే, రెండు నవ్వు బొమ్మలు తగిలించి ఊరి వాట్సాప్ గ్రూపులో వేశాడు.

బాలవ్వను కారులో పంపింది మాత్రం సరళాదేవి. ఎప్పుడూ ఊరికి ఇవతలే బస్సు దిగి చేల వెనక బాట పట్టే మనిషిని, మోకాళ్ళు బాగాలేవని బలవంతంగా కారెక్కించింది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా తనను తాను తిట్టుకుంటోంది.

అమిత్ మెట్లు దిగి వచ్చాడు. ఇంకొకరి వీడియో గ్రూపులో వేయడం నేరమనీ, ఆ స్క్రీన్‌వాణ్ణి పనిలోంచి తీసేయిస్తాననీ, ఈ పరేషానీ రెండు రోజుల్లో సద్దుమణుగుతుందనీ గడగడా చెప్పాడు.

“వాన్ని తీసేస్తే మా బాపు బువ్వ తింటడా?” అన్నాడు పరశురాములు.

అమిత్‌కు ఊరుకునే అలవాటు లేదు. తప్పు కెమెరాది కాదన్నాడు. పోయిన ఏడు అదే మలుపులో బడి పిల్లను గుద్దిపోయిన లారీని పట్టించింది ఆ కెమెరాయేనని గుర్తు చేశాడు. అది నిజమే. ఆ పిల్ల తల్లి ఈ హాల్లోకే వచ్చి కళ్ళనీళ్ళతో దండం పెట్టింది. ఆ దండాన్ని సరళాదేవీ మరిచిపోలేదు.

“నేను దుబాయిల పన్నెండేండ్లు కెమెరా కిందనే పనిచేసిన, కెమెరా కిందనే తిన్న,” అన్నాడు పరశురాములు. “ఒక్కనాడు ఫికర్ కాలే. ఎందుకంటే గా కెమెరా ముందు కూసున్నోనికి ఒడి బియ్యం అంటే తెల్వదు. మా ఊళ్ళె కూసున్నోనికి అన్ని తెలుసు.”

కిటికీ దగ్గర నిలబడ్డ శ్రేయ ఆ మాటకు తల తిప్పి చూసింది. అమిత్ కూతురు, హైదరాబాద్‌లో లా చదువుతోంది. ఇంటర్నెట్ పత్రికలో వారానికో భాగంగా ఒక కథ రాస్తోంది. జరిగిన చరిత్రను ఒక్కచోట మెలిపెట్టి, ఇలా జరిగి ఉంటే ఏమయ్యేదని అడిగే కథ. ఆమె పెట్టిన మెలిక ఏమిటంటే, నలభై అయిదేళ్ళ కింద, ఊళ్ళలో రైతుకూలీ సంఘాలు లేచి దొరలు తమ కోటల్లాంటి గడీలు వదిలి పారిపోయిన రోజుల్లో, స్తంభానికో కెమెరా ఉండి ఉంటే ఎలా ఉండేదని. ఆ కథలో స్క్రీన్ ముందు మొదట దొర కూర్చుంటాడు. తరవాత ఊళ్ళో క్యాంపు వేసిన పోలీసులు, ఆ తరవాత సంఘం పిల్లలు కూర్చుంటారు. ఎవరు కూర్చున్నా ఊరు ఊపిరి బిగబట్టుకునే ఉంటుంది. పోయిన వారం భాగంలో, ప్రాణభయంతో పరుగెత్తే దొర కొడుక్కు ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

అది చదివి వినిపించినప్పుడు సరళాదేవి ఒప్పుకోలేదు. ఒక్క తలుపన్నా తెరుస్తారని వాదించింది. కెమెరా చూస్తుంటే ఎవరు తెరుస్తారు నానమ్మా అని శ్రేయ నవ్వింది. సరళాదేవి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆమె వెళ్ళలేదు. భర్త ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

“చెప్పుండ్రి,” అంది.

“ఒట్టు పెట్టుకున్న సరళా. బాలవ్వ చేతిల చెయ్యి ఏసి పెట్టుకున్న. నా నోటి నుంచి రాదు.”

“ఒట్టు పెట్టుకున్నది మీరు. నేను పెట్టుకోలే.”

సుదర్శన్‌రావు ఆమెను చూశాడు. వద్దనలేదు. పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అది తలకిందులుగా ఉంది.

సరళాదేవి పరశురాములు వైపు తిరిగి, అన్నం కలిపి పెడుతున్నంత నిదానంగా చెప్పింది. సంఘాలు లేచిన ఏడు మామగారు అప్పటికే కుటుంబంతో కరీంనగర్ చేరారు. ఇరవై నాలుగేళ్ళ సుదర్శన్‌రావు ఒక్కడే ఏదో మొండితనంతో గడీలో ఉండిపోయాడు. సంఘంవాళ్ళు గడీ చుట్టుముట్టిన రోజు వెనక గోడ దూకి పరుగెత్తాడు. వాళ్ళ ముందు నడిచినవాడు రాజం, పరశురాములు తండ్రి. గడీవాళ్ళ మీద అతనికి కోపం ఉండడంలో అన్యాయమేమీ లేదు. రాజం తండ్రి వెట్టి చేసి నడుం విరగ్గొట్టుకున్నది ఆ గడీలోనే.

సుదర్శన్‌రావు ఏ సందులో దూరుతున్నాడో చూసుకోలేదు. ఒక వాకిట్లో కొత్త కోడలొకతె బీడీలు చుడుతోంది. ఈయన రొప్పుతూ నీళ్ళు అన్నాడు. ఆమె చాట పక్కన పెట్టి లేచింది. ఎవరో గుర్తుపట్టింది, తన మొగుడు వెతుకుతున్నది ఇతన్నేననీ తెలుసు. వడ్లు పోసుకునే గుమ్మి మూత తీసి, దిగమన్నట్టు చెయ్యి చూపించింది.

“మీ అవ్వనే,” అంది సరళాదేవి. “తెల్లారి కట్టెలకు పొయ్యే ఆడోళ్ళల్ల కలిపి, తన చీర కట్టిచ్చి నీళ్ళ ఒర్రె దాటిచ్చింది. ఈయన చేతిల ఇయ్యనీకె ఏం లేకుండె. గీ దినం నుంచి నీకు అన్న ఉన్నడనుకో అన్నడట. పెండ్లయినంక నాకు చెప్పిన మొదటి ముచ్చట గిదే. అప్పటినుంచి నా ఆడిబిడ్డకు నేను ఒడి బియ్యం పోస్తున్న. మీ బాపుకు తెలిస్తే సంసారం నిలవడదని మీ అవ్వ భయం. అందుకే ఎవలకు చెప్పలే.”

పొద్దున దీపం పెట్టి దేవుళ్ళ పేర్లన్నీ తలుచుకున్నాక సరళాదేవి చివర తలుచుకునే పేరు బాలవ్వ. ఆ తలుపు తెరుచుకోకపోతే తనకీ మనిషి లేడు. మెట్ల మీద నిలబడి వాదించే అమిత్ లేడు, కథలు రాసే శ్రేయ లేదు. అంత రుణం మోయడం ఆమెకెప్పుడూ బరువనిపించలేదు, పండగలాగే ఉండేది.

పరశురాములు బల్ల మీది చాయ తీసుకున్నాడు. మీగడతో సహా ఒక్క గుక్కలో తాగేశాడు.

“బాపుకు నేను చెప్పలేను,” అన్నాడు గ్లాసు దించి. “మీరే రాండ్రి.”

కారు గంగాధర ఊరు దాటింది. తన కథ తప్పయిందని శ్రేయ మెల్లగా అంది. దాన్ని ఆపేస్తానంది.

సరళాదేవికి మనవరాలి మీద జాలేసింది. తప్పేమీ కాలేదనీ, ఆనాడు కెమెరా ఉంటే నువ్వు రాసినట్టే అయ్యేదేమో, లేదు కాబట్టే నువ్వు పుట్టి రాస్తున్నావనీ చెప్పి ఆమె చెయ్యి పట్టుకుంది. ముందు సీట్లో సుదర్శన్‌రావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడిచినవే మళ్ళీ తుడిచాడు.

ఒర్రెగడ్డ మలుపులో కెమెరా స్తంభం, దాని కింద బస్టాండు అరుగు, అరుగు మీద రాజం. మనిషి సగానికి సగం చిక్కాడు గానీ కూర్చున్న తీరు ఇంకా నాయకుడిదే. రెండు ఇళ్ళ అవతల బాలవ్వ ఇల్లు. కారు చప్పుడుకు ఆమె గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చి, అక్కడే ఆగిపోయింది. నాలుగు రోజుల్లో ఆమె మొహం ముడుచుకుపోయింది. సరళాదేవి దగ్గరికి వెళ్ళి భుజం చుట్టూ చెయ్యి వేసింది. తాను కారెక్కించకుండా ఉండాల్సిందని చెప్పబోయింది, బాలవ్వ తల అడ్డంగా ఊపింది.

ఒడి బియ్యం ఇంకా వండలేదు. గడప లోపల చాటలో పసుపు పచ్చగా, పైన ఎండు కొబ్బరి కుడుకలతో, పోసినవి పోసినట్టే ఉన్నాయి.

సుదర్శన్‌రావు నేరుగా అరుగు దగ్గరికి నడిచి రాజం పక్కన కూర్చున్నాడు. ఎదురెదురుగా వచ్చిన రోజుల్లో కూడా పలకరించుకోని మనుషులు. గొంతు సవరించుకుని, రాజం, ఆ దినం, అని మొదలుపెట్టాడు.

“నువ్వేం చెప్పకు సుదర్శన్‌రావు,” అన్నాడు రాజం. “నాకెరుకే.”

వాకిట్లో బాలవ్వ చెయ్యి సరళాదేవి చేతిలో బిగుసుకుంది.

“గా దినం నీళ్ళు తాగుదామని ఇంట్లకొచ్చిన. పొయ్యి మీద కుండెడు జొన్నగటక ఉడుకుతున్నది. ఇంట్ల ఉన్నది గిదొక్కతి. గుమ్మి మూత జర పక్కకు జరిగి ఉన్నది. లోపట ఎవలో ఊపిరి తీసుకునే చప్పుడు ఇనవడ్డది. నీళ్ళు తాగకనే బయటికొచ్చిన. మా ఇల్లు నేనే చూసిన, ఎవలు లేరన్న. నా ఎంబడి ఉన్నోళ్ళు నా మాట నమ్మిండ్రు.”

సుదర్శన్‌రావు అతని వైపు తిరిగాడు. “ఎందుకు రాజం?”

“ఏమో. నా ఇంట్లకు వచ్చినోడు ఎవడైనా నా సుట్టమే గద అనిపిచ్చింది.”

బాలవ్వ గడప మీద కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. ఇన్నేండ్లు ఒక్క కంచంల తిన్నం, ఒక్క మాటన్న అనకపోతివి, నేను గా భయంతోని ఎన్ని సార్లు సచ్చిన్నో ఎరుకేనా అని మొగుణ్ణి తిట్టింది. దాచింది నువ్వు, చెప్పాల్సింది నువ్వు అని రాజం అక్కడి నుంచే అన్నాడు. నాలుగు రోజుల తరవాత అతను భార్యతో ఆడిన మొదటి మాట అది. పరశురాములు మొహం అటు తిప్పుకున్నాడు.

శ్రేయ బాలవ్వ పక్కన గడప మీద కూర్చుంది. ఆనాడు ఆ మలుపులో ఇట్లాంటి కెమెరా ఉండి ఉంటే గుమ్మి మూత తీసేదానివేనా అని అడిగింది.

బాలవ్వ స్తంభం మీది కెమెరాను, దాని కింద కూర్చున్న ఇద్దరు ముసలివాళ్ళను చూసింది.

“అబద్ధమెందుకు బిడ్డా. భయమయ్యేదేమో. తీయకపోదునేమో. అది లేకుండె, నేను తీసిన. గంతే. నాకు గా పరీక్ష పెట్టని దేవునికి దండం.”

శ్రేయ ఆమె చేతిని తీసుకుని కళ్ళకు అద్దుకుంది. పొద్దున చాయ ముట్టడానికి జంకిన పరశురాములు, అందరికీ చాయ పెట్టడానికి తనే లోపలికి వెళ్ళాడు.

“కోపమొచ్చింది దాసినందుకు గాదు,” అంటున్నాడు రాజం అరుగు మీద. “నాకొక అత్తగారిల్లు ఉన్నదని ఇన్నేండ్లు నాకు చెప్పనందుకు. ఒడి బియ్యం జోడు మీద పొయ్యాలె. మొగుడు పక్కన లేంది పోస్తే లెక్కల రావు. నన్ను కూసోవెట్టి మళ్ళ పొయ్యుండ్రి. గిక్కడనే, గీ కెమెరా ముందటనే. చూసేటోళ్ళు చూడనియ్యి.”

సరళాదేవికి ఒక్కసారిగా గుండె తేలికయింది. చాట తీసుకురమ్మని శ్రేయను లోపలికి పంపింది. పీటలు వేయమంది. ఇన్నేళ్ళు తలుపులు మూసి, గుసగుసగా చేసిన శుభకార్యం ఇవాళ ఎండలో, నలుగురిలో జరగబోతోంది. బాలవ్వ కళ్ళు తుడుచుకుని, వదినె, కొబ్బరి కుడుకలు మళ్ళ కావాలె అంది. నలుగురి ముందు వదినె అని పిలవడం అదే మొదటిసారి. సరళాదేవి ఆ పిలుపు కోసమే ఇన్నేళ్ళూ కాచుకున్నానని అప్పుడు తెలుసుకుంది.

రాజం లేచాడు గానీ వాకిలి వైపు రాలేదు.

“ఒక్క మాట,” అన్నాడు. “గా దినం నా పక్కన నడిచింది రాయమల్లు. నా మాట ముందుగాల నమ్మింది ఆయన. గా వానకాలంలనే క్యాంపోళ్ళు ఆయన్ను కాల్చిండ్రు. గా వీడియో ఆయన పెండ్లాం సత్తమ్మ సుత చూసింది. నాలుగు దినాలుగ నాకు బువ్వ దిగకపోయింది ఆమె మొఖం చూడలేక. ఆమెకు చెప్పి వస్త. ఆమె వద్దంటే వద్దు.”

సత్తమ్మ ఇల్లు ఎదురుగానే ఉంది. రాజం తలుపు తట్టాడు, తలుపు తెరుచుకుంది, లోపలికి వెళ్ళాడు. ఈ వాకిట్లో పీటలు వేసి ఉన్నాయి. బాలవ్వ ఒక పీట మీద కూర్చుని కొంగు ఒడిలో పరిచింది. రెండో పీట ఖాళీగా ఉంది. సరళాదేవి చాటలోంచి దోసిలి నిండా బియ్యం తీసుకుని నిలబడింది. తీసుకున్న బియ్యం మళ్ళీ చాటలో వేయకూడదు. అందుకని అలాగే నిలబడింది. చేతులు నొప్పి పెడుతున్నా ఆ నొప్పి ఆమెకు హాయిగానే ఉంది.

రాజం వచ్చాడు. అతని వెనక సత్తమ్మ వచ్చింది. గడ్డిమోపులు మోసి మోసి మెడ వంగిన మనిషి. వాకిలి అంచున ఆగి, సుదర్శన్‌రావును కళ్ళద్దాల నుంచి చెప్పుల దాకా చూసింది. ఆయన లేచి రెండు చేతులూ జోడించాడు.

“బతికినోడు బతికిండు. మంచిదే,” అంది సత్తమ్మ. “పోసుకోండ్రి. నేనెందుకు వద్దంట. శుభకార్యం.”

రాజం ఖాళీ పీట మీద కూర్చున్నాడు. సరళాదేవి కళ్ళు నీళ్ళతో నిండాయి. సత్తమ్మకు దండం పెడదామంటే చేతులు ఖాళీ లేవు. తల వంచింది.

“ఒక్కటే అడుగుత,” అంది సత్తమ్మ. గొంతులో కోపం లేదు. “గా వానకాలం క్యాంపోళ్ళు ఎంబడి పడితె మా ఆయన గీ వాడంతా తలుపు తలుపు తట్టుకుంట ఉరికిండు. అప్పుడు కెమెరాలు లేకుండె. మరి ఒక్కలన్న తలుపెందుకు తియ్యలే?”

శ్రేయ నానమ్మను చూసింది. నానమ్మ రాజాన్ని చూసింది. రాజం నేలను చూస్తున్నాడు.

తట్టిన తలుపుల్లో ఈ ఇంటి తలుపు కూడా ఉందా అని ఎవరూ అడగలేదు. బాలవ్వ ఒడిలో పరిచిన కొంగును మెల్లగా దగ్గరికి తీసుకుంది.